బండి మోసేదెంత? మనం మోపేదెంత?

వానాకాలంలో జూరాల గేట్లు లేపారంటే చాలు, ఆత్మకూర్ చుట్టుపక్కల బండ్లన్నీ అటే పోతాయి. ఇటు నందిమల్ల, అటు రేవులపల్లి, మధ్యలో కృష్ణమ్మ. నీళ్లు చూడటానికి వచ్చినవాళ్లలో చేపల వేపుడు తినకుండా తిరిగి వెళ్లేవాళ్లు తక్కువ. కార్తీకంలో కురుమూర్తి జాతర మొదలైతే జనం అటు మళ్లుతారు. ఉద్దాల ఉత్సవం రోజు అయితే చెప్పక్కర్లేదు. జనం ఎక్కడుంటే పొయ్యి అక్కడికి పోవాలి. అందుకే మా వైపు కుర్రాళ్లకు ఇప్పుడు ఒక ఆలోచన గట్టిగా పట్టుకుంది. ఒక పికప్ కొందాం, వెనకాల డబ్బాలాంటి బాడీ కట్టిద్దాం, అందులో పొయ్యి, ఫ్రీజర్, నీళ్ల ట్యాంకు పెట్టుకుని తిరుగుదాం అని.

ఆలోచన మంచిదే. పాలమూరు అంటే వలస అని పేరుపడ్డ నేల ఇది. బొంబాయి బస్సు ఎక్కకుండా ఊళ్లోనే నాలుగు రూపాయలు సంపాదించుకునే దారి దొరికితే అంతకన్నా ఏం కావాలి? 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చేపలు అమ్మే వాహనాలకు సబ్సిడీ కూడా పెట్టారు. యూనిట్ ఖర్చులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం దాకా, మిగతావాళ్లకు 40 శాతం దాకా.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఊరి నుంచి దోస్తులు ఫోన్ చేసి అడిగేవి రెండే ప్రశ్నలు. "ఏ బండి తీసుకోవాలె? లోన్ ఎంతొస్తది?" మూడో ప్రశ్న ఎవరూ అడగరు. "మనం కట్టించే డబ్బా బరువెంత? బండి దాన్ని మోస్తదా?" నిజానికి మొదట అడగాల్సింది అదే. ఎందుకంటే మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు. డబ్బా ఒకసారి వెల్డింగ్ అయ్యాక బరువు తగ్గించాలంటే కోసి పారేయడమే.

"టన్నున్నర బండి" అంటే ఏమిటి?

టాటా ఏస్ 2005లో వచ్చింది. మనవాళ్లు "చోటా హాథీ" అని పిలుచుకునే ఆ బండి మోసేది ముప్పావు టన్ను. అశోక్ లేలాండ్ దోస్త్ 2011లో టన్నుంపావు లెక్కతో మార్కెట్‌లోకి దిగింది. బొలెరో పికప్‌లలోనే 1.3 టన్నుల రకం వేరు, 1.7 టన్నుల రకం వేరు. బయటికి చూస్తే అన్నీ ఒకే తీరు. కాబట్టి "పక్కూరాయన బొలెరో మీద కట్టించిండు, మనమూ కట్టిద్దాం" అనే మాట పనికిరాదు. ఆయన బొలెరో ఏది, మీ బొలెరో ఏది అన్నది ఆర్సీ చెబుతుంది.

ఆర్సీలో రెండు అంకెలు చూడండి. ఒకటి ఖాళీ బండి బరువు, అంటే అన్‌లేడెన్ వెయిట్. రెండోది బండి, సరుకు, మనుషులు అన్నీ కలిపి దాటకూడని బరువు, అంటే గ్రాస్ వెహికల్ వెయిట్. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మన చేతిలో ఉన్న బరువు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఖాళీ బరువులో డ్రైవర్ లెక్కలేదు, పక్కన కూర్చునే మనిషి లెక్కా లేదు. అంటే ముందు సీట్లో కూర్చున్న ముగ్గురు కూడా సరుకు కిందే లెక్క. 65 కిలోల చొప్పున ముగ్గురంటే 195 కిలోలు. బండి కదలకముందే ఇంచుమించు రెండు క్వింటాళ్లు ఖర్చయిపోయాయి.

ఇంకొకటి. కంపెనీ ఇచ్చిన ఇనుప తొట్టి ఖాళీ బరువులో ఉంటుంది. దాని మీద మనం నిలబెట్టే డబ్బా ఉండదు. డబ్బా కూడా సరుకే. ఎక్కడికి పోయినా, రాత్రి పగలు దించకుండా మోసే సరుకు.

ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఖాళీ బరువు 1,700 కిలోలు, మొత్తం బరువు 3,000 కిలోలు ఉన్న పికప్ తీసుకుందాం. మనకు మిగిలేది 1,300 కిలోలు. డబ్బా పొడవు 2.6 మీటర్లు, వెడల్పు 1.7, ఎత్తు 1.9 అనుకుందాం. నాలుగు గోడలు, కప్పు కలిపితే దాదాపు 20.8 చదరపు మీటర్లు. నేల 4.4 చదరపు మీటర్లు.

ఇనుప రేకు ఒక మిల్లీమీటరు మందం ఉంటే చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. ఇది ఏ వెల్డింగ్ షాపులోనూ మారదు. మామూలుగా కట్టే పద్ధతిలో లెక్క ఇలా వస్తుంది.

బయట 1.2 మిల్లీమీటర్ల ఇనుప రేకు: 196 కిలోలు
లోపల 0.8 మిల్లీమీటర్ల స్టీలు రేకు: 131 కిలోలు
నేలకు 3 మిల్లీమీటర్ల గళ్ల ప్లేటు: 110 కిలోలు
40 మిల్లీమీటర్ల చదరపు పైపుల ఫ్రేము, 60 మీటర్లు: 144 కిలోలు
గ్రానైట్ గట్టు: 70 కిలోలు

డబ్బా మొత్తం 651 కిలోలు. ఇంకా పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడు సామాను. పొయ్యి, వేపుడు బాండీ 60 కిలోలు. గిన్నెలు, పెనాలు 50. ఫ్రీజర్ 55. ఇన్వర్టర్, బ్యాటరీ 65. హోటల్ గ్యాస్ సిలిండర్లు రెండు, ఒక్కో దాంట్లో గ్యాసే 19 కిలోలు, ఇనుముతో కలిపి రెండూ 72. ఇవి 302 కిలోలు. 200 లీటర్ల నీళ్లు, ట్యాంకుతో కలిపి 210. చేపలు 80, ఐసు 60, రెండు నూనె డబ్బాలు 30, పిండి, ఉల్లిగడ్డ, మసాలాలు 40, అన్నీ కలిపి 210. టేబుళ్లు, కుర్చీలు, టెంటు గుడ్డ 70. మనుషులు 195. ఈ పద్దు 987 కిలోలు.

డబ్బాతో కలిపితే 1,638 కిలోలు. మన చేతిలో ఉన్నది 1,300. అంటే 338 కిలోలు ఎక్కువ. ఇందులో ఒక్క వస్తువూ ఆడంబరానికి పెట్టింది కాదు, అన్నీ అవసరమైనవే. అయినా లెక్క తప్పింది. ఎక్కువ బరువు ఎవరూ కావాలని ఎక్కించరు. 50 కిలోలు, 60 కిలోలు అనుకుంటూ అదే ఎక్కుతుంది.

ఈ లెక్క జాతర రోజుకు వేయాలి, మామూలు మంగళవారానికి కాదు. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా సర్వర్‌ను పరీక్షించేది రద్దీ రోజును మనసులో పెట్టుకునే. చేపలు రెట్టింపు, ఐసు రెట్టింపు, సాయానికి బామ్మర్ది కూడా ఎక్కే రోజు ఒకటుంటుంది. ఆ రోజుకు కూడా లెక్క సరిపోవాలి.

తగ్గించడం ఎలా?

సామాను తగ్గిస్తే వ్యాపారం తగ్గుతుంది. కాబట్టి ముందు డబ్బా దగ్గర తగ్గించాలి.

అల్యూమినియం ఇనుములో మూడో వంతు తూగుతుంది. బయట 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు వేస్తే 196 కాస్తా 84 అవుతుంది. లోపల స్టీలు పొయ్యి పక్కన మాత్రమే వేసి, మిగతా చోట పలచటి అల్యూమినియం వేస్తే 131 నుంచి 70కి దిగుతుంది. నేలకు అల్యూమినియం గళ్ల ప్లేటు వేస్తే 38. ఫ్రేముకు 2 మిల్లీమీటర్లకు బదులు 1.6 మిల్లీమీటర్ల పైపు తీసుకుంటే 116. గ్రానైట్ తీసేసి స్టీలు గట్టు పెడితే 70కి బదులు 14. డబ్బా మొత్తం 322 కిలోలు. సగానికి సగం తగ్గింది.

నీళ్లు 200 లీటర్లు మోసుకుపోవాల్సిన పని లేదు. 100 లీటర్లతో బయల్దేరి, నిలబడే చోట నింపుకోవచ్చు. కుర్చీల్లో 30 కిలోలు తగ్గించవచ్చు. ఇప్పుడు మొత్తం 1,179 కిలోలు. 121 కిలోలు మిగులు. ఆ మిగులు జాతర రోజు కొంతవరకే ఆదుకుంటుంది.

అల్యూమినియం ఖరీదు ఎక్కువే, నిజం. దాన్ని వెల్డింగ్ చేయడానికీ చెయ్యి తిరిగినవాడు కావాలి. కానీ ఆ తేడాను దేనితో పోల్చాలి? ఇంకో పెద్ద బండి ధరతో, ఏటా మార్చే టైర్లతో, రోజూ ఎక్కువ తాగే డీజిల్‌తో పోల్చండి. అప్పుడు అంత ఖరీదుగా కనిపించదు.

మన తాతలకు తెలిసిన సూత్రం

మొత్తం బరువు సరిపోయింది కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. అది ఎక్కడ కూర్చుందన్నది ఇంకో లెక్క.

ఎడ్ల బండి తోలినవాళ్లకు ఈ సంగతి చెప్పాల్సిన పనిలేదు. బస్తాలు వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేస్తుంది. ముందుకు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడ మీద పడుతుంది. ఇరుసుకు కాస్త ముందుగా బరువు కూర్చోవాలి. పికప్‌కూ అదే న్యాయం. ఎడ్ల మెడకు బదులు ఇక్కడ ముందు చక్రాలు.

మన ఉదాహరణలో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. ఖాళీ బండి ముందు ఇరుసు మీద 950, వెనక ఇరుసు మీద 750 కిలోలు. వెనక ఇరుసు తట్టుకునేది 1,900. ముందు సీట్ల మనుషులు పోగా డబ్బా, సామాను కలిపి 984 కిలోలు. ఈ 984 కిలోల మధ్య బిందువు వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుంటే వెనక ఇరుసు మీద మొత్తం 1,727 కిలోలు పడతాయి. ముందు ఇరుసు మీద 1,152. రెండూ క్షేమం.

అవే 984 కిలోలు. ఫ్రీజర్, నీళ్ల ట్యాంకు, సిలిండర్లు "వెనక డోరు దగ్గరైతే తీయడానికి సులువు" అని చివరకు నెట్టామనుకోండి. మధ్య బిందువు ఇరుసు దాటి 40 సెంటీమీటర్లు వెనక్కి పోయింది. ఇప్పుడు వెనక ఇరుసు మీద 1,956 కిలోలు. హద్దు దాటింది. ముందు ఇరుసు మీద 923, అంటే మనుషులు ఎక్కని ఖాళీ బండి కంటే తక్కువ. ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ చేతిలో నిలవదు. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ముందు టైర్లకు పట్టు చాలదు. ఒక్క కిలో కలపలేదు, జరిపామంతే.

అందుకే బరువైనవన్నీ క్యాబిన్ వైపు, కిందికి. నీళ్ల ట్యాంకు కప్పు మీద ఎప్పుడూ పెట్టవద్దు. మలుపులో 100 కిలోల నీళ్లు నెత్తి మీద ఊగితే బండి ఒరుగుతుంది. సగం నిండిన ట్యాంకు ఇంకా ఎక్కువ ఊగుతుంది, లోపల అడ్డు పలకలు వేయించండి. ఫ్రీజర్ కుడివైపు ఉంటే ట్యాంకు ఎడమవైపు.

టైరు మీద రాసే ఉంటుంది

టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది. అది ఆ టైరు మోసే బరువుకు గుర్తు. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 106 అంటే 950. మన సరైన అమరికలో వెనక ఒక్కో టైరు మీద 864 కిలోలు పడుతున్నాయి. 104 చాలు, 100 చాలదు. తప్పు అమరికలో 978 పడుతున్నాయి. 106 కూడా చాలదు. పాత టైరు పోయినప్పుడు "ఇదే సైజు, ధర తక్కువ" అని ఇంకో రకం అంటగడతారు. సైజు ఒకటే అయినా అంకె చూడకుండా తీసుకోవద్దు. ఆ అంకె చెప్పే బరువు కూడా గాలి పూర్తిగా ఉన్నప్పుడే.

కమాన్ పట్టీలతో కెపాసిటీ పెరగదు

"వెనక రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే టన్ను మోస్తది" అని అడ్డా మీద ఎవరైనా చెబుతారు. కమాన్ పట్టీలు ఎక్కువ వేస్తే బండి తోక కిందికి వంగదు, అంతవరకే నిజం. బ్రేకులు అవే, ఇరుసు అదే, బేరింగులు అవే, ఛాసిస్ అదే, టైర్లు అవే. వంగడం ఆగిపోయేసరికి ఎక్కువైందన్న హెచ్చరిక కూడా కనబడకుండా పోతుంది.

బ్రేకు ఆపాల్సింది బండి వేగంలో ఉన్న శక్తిని. బరువు 3,000 నుంచి 3,338 అయితే ఆ శక్తి 11 శాతం పెరుగుతుంది. వేగం 40 నుంచి 60కి పెంచితే అదే శక్తి 2.25 రెట్లవుతుంది. కాబట్టి డబ్బా కట్టిన బండి ఎప్పుడూ ఖాళీ పికప్‌లా పోకూడదు. గేట్లు లేపిన రోజు డ్యామ్ దారిలో పిల్లలు, ముసలివాళ్లు, సెల్ఫీలు దిగేవాళ్లు అడ్డం వస్తూనే ఉంటారు. మన లెక్క తప్పితే దెబ్బ తగిలేది మనకొక్కరికే కాదు.

చట్టం ఏమంటుంది?

2019 సవరణ తర్వాత ఎక్కువ బరువుకు జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. సరుకు అంటే దించవచ్చు. వెల్డింగ్ చేసిన డబ్బాను రోడ్డు మీద ఎలా దించుతారు?

బండి రూపం మార్చడం ఇంకో సంగతి. సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు, బండికి తేడా వచ్చే మార్పు అనుమతి లేకుండా చేయకూడదు. చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి డబ్బా గీసుకున్న కాగితం పట్టుకుని వనపర్తిలో రవాణా శాఖ ఆఫీసుకు ముందే వెళ్లి అడగండి. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకూ రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం జరిగాక "ఆర్సీలో ఇది లేదు కదా" అని వాళ్లు మెలిక పెట్టడానికి చోటు ఇవ్వవద్దు. తినే వస్తువుల వ్యాపారం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ వేరే.

లైసెన్స్ విషయంలో మాత్రం ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్స్‌తో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది. మన పికప్‌లన్నీ ఆ లెక్కలోపలే.

అమెరికాలో ఇదే గొడవ

మన దగ్గర "క్యాంపర్" అంటే రెండు వరసల సీట్లున్న బొలెరో. అమెరికాలో క్యాంపర్ అంటే పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. అక్కడి మనవాళ్లు సెలవుల్లో అలాంటివి తీసుకుని తిరుగుతుంటారు. అక్కడా "హాఫ్ టన్ ట్రక్" అనే పేర్లున్నాయి. ఆ పేరుకూ, ఇవాళ ఆ బండి మోసే బరువుకూ పొంతన లేదు.

కానీ అక్కడ ఒక మంచి ఏర్పాటుంది. డ్రైవర్ డోరు తీయగానే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత దాటకూడదు అని ఆ ఒక్క బండికి సంబంధించిన అంకె రాసి ఉంటుంది. తొట్టిలో పెట్టే క్యాంపర్‌కు బరువు ఎంత, దాని మధ్య బిందువు ఎక్కడ అన్నది తయారీదారు చెప్పాలని, ఆ బిందువు తమ పికప్‌లో ఎక్కడ పడవచ్చో బండి కంపెనీ చెప్పాలని రూలు ఉంది. మన ఎడ్ల బండి సూత్రమే, కాగితం మీద.

మన దేశంలో నిద్రపోయే వసతి ఉన్న కారవాన్‌లకు ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది. వంట బండి మీద మంచం కూడా వేసి కారవాన్ చేద్దామనుకునేవాళ్లు దాన్ని ముందు తెలుసుకోవాలి. కానీ విజయవాడ ఆటోనగర్ నుంచి మన ఊరి వెల్డింగ్ షాపు దాకా ఎక్కడ డబ్బా కట్టించినా, "దీని బరువు ఇంత" అని కాగితం రాసివ్వమని అడిగే హక్కు మనకుంది. అడిగితేనే ఇస్తారు.

కాటా ఒక్కటే నిజం చెబుతుంది

ఇంతసేపు వేసినవన్నీ కాగితం లెక్కలు. నిజం తేలేది ధర్మకాటా మీద. వడ్లు పండే ప్రాంతం కాబట్టి మనకు కాటాలకు కొదవ లేదు. మూడుసార్లు తూకం వేయించండి.

మొదటిది, బండి కొన్నాక డబ్బా కట్టకముందు, డీజిల్ నిండా పోసి. రెండోది, డబ్బా ఫ్రేము, రేకులు అయ్యాక, సామాను పెట్టకముందు. ఇక్కడ ఎక్కువ తేలితే ఇంకా మార్చుకునే అవకాశం ఉంటుంది. మూడోది, జాతరకు పోతున్నట్టే అన్నీ నింపి, మనుషులందరూ ఎక్కి.

మూడోసారి ఇంకో పని చేయండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రమే పెట్టి ఇంకో చీటీ తీసుకోండి. కాటా, బయటి నేల ఒకే మట్టంలో ఉండాలి. ఇరుసు ఎంత తట్టుకుంటుందో కంపెనీ డీలర్‌ను అడిగి రాయించుకోండి. రెండు చీటీలు, ఆ కాగితం పక్కపక్కన పెడితే ఇంజినీరింగ్ చదవనివాళ్లకు కూడా అర్థమైపోతుంది.

అప్పు తెచ్చి, అమ్మ మెళ్లో బంగారం కుదువబెట్టి కొంటున్న బండి ఇది. షోరూమ్‌లో "అది టన్నున్నర, ఏమైనా మోస్తది సార్" అంటే తలూపి సంతకం పెట్టకండి. ముందు డబ్బా గీయండి, సామాను పద్దు రాయండి, కూడండి. పైన ఇంకో 10 శాతం మిగులు కలపండి. ఆ అంకె మోసే బండి ఏదో వెతకండి. బండి కొన్నాక డబ్బాను దానికి ఇరికించడం కన్నా, డబ్బా తెలిశాక బండి ఎంచుకోవడం చవక. ఒక సాయంత్రం, ఒక కాగితం, కాటా దగ్గర మూడు తూకాలు, ఖర్చు అంతే.